పీహెచ్‌డీ అయ్యాక ఎన్-పీడీఎఫ్: ఎలక్ట్రోకెమిస్ట్రీ, నానోమెటీరియల్స్ చేసిన విశాఖ వాళ్లకి దరఖాస్తు విధానం

థీసిస్ సబ్మిట్ చేసేసి వైవా డేట్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్న జూనియర్లు మన వైజాగ్ లో ఏయూ లో, గీతం లో బోలెడుమంది ఉన్నారు, వాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేసి "అన్నా, ఎన్-పీడీఎఫ్ కి ఎలా అప్లై చెయ్యాలి" అని అడుగుతూనే ఉంటారు. ఫోన్లో చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఇక్కడ మొత్తం రాసేస్తున్నా.

ఎన్-పీడీఎఫ్ అంటే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్, పీహెచ్‌డీ తర్వాత ఇంకో ల్యాబ్ లో రిసెర్చ్ చేసుకోవడానికి ఇచ్చేది. ఇంతకుముందు కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రిసెర్చ్ బోర్డు, అంటే ఎస్ఈఆర్‌బీ ఇచ్చేది, 2023 లో చట్టం వచ్చాక ఎస్ఈఆర్‌బీ పోయి అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్, అంటే ఏఎన్ఆర్ఎఫ్ వచ్చింది, ఇప్పుడు అప్లికేషన్ దాని ఆన్‌లైన్ పోర్టల్ లోనే. రెండేళ్ల ఫెలోషిప్, జీవితంలో ఒక్కసారే ఇస్తారు. పీహెచ్‌డీ అయి ఉండాలి లేదా కనీసం థీసిస్ సబ్మిట్ అయి ఉండాలి. వయసు 35 దాటకూడదు, ఎస్సీ ఎస్టీ ఓబీసీ, ఆడవాళ్లు, దివ్యాంగులకి ఇంకో 5 ఏళ్లు సడలింపు ఉంది. వయసు లెక్కేసేది మీరు అప్లై చేసిన రోజుకి కాదు, ఆ కాల్, అంటే అప్లికేషన్లు పిలిచే నోటిఫికేషన్, క్లోజ్ అయ్యే తేదీకి, ఇక్కడ రెండు మూడు వారాల తేడాతో ఛాన్స్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టి సర్టిఫికెట్ మీద పుట్టిన తేదీ చూసుకుని మరీ మొదలెట్టండి.

సరే, పోర్టల్ ఓపెన్ చేసే ముందు ఒక కాగితం తీసుకుని, ఆ రెండేళ్లు అయ్యేసరికి మీ వయసెంత, అప్పుడు ఏ ఉద్యోగానికి వెళ్లాలనుకుంటున్నారు అన్నది రాసుకోండి. నేను ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మనవాళ్లు ఫెలోషిప్ రావడమే గమ్యం అనుకుంటారు, వచ్చాక రెండేళ్లు ఇట్టే అయిపోతాయి, అప్పుడు చూస్తే సగం తలుపులు మూసేసి ఉంటాయి. సీఎస్ఐఆర్ ల్యాబుల్లో సైంటిస్ట్ పోస్టుకి జనరల్ వాళ్లకి 32 ఏళ్లే. ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ అని యువ పరిశోధకులకి కేంద్రం ఇచ్చే ఇంకో ఫెలోషిప్ ఉంది, దానికి కూడా వయసు 32 దగ్గరే ఆగిపోతుంది, అది వస్తే 5 ఏళ్ల పాటు నెలకి 1,25,000, పైన ఏడాదికి 7 లక్షల రిసెర్చ్ గ్రాంట్, అలాంటిది వదులుకోవాలని ఎవరికుంటుంది చెప్పండి. మీరు 31 లో ఉంటే ఎన్-పీడీఎఫ్ తో పాటు ఈ రెండూ అదే ఏడాది వేసెయ్యాలి, తర్వాత చూద్దాంలే అంటే కుదరదు. 28 లో ఉన్నవాళ్లకి ఊపిరి తీసుకునే టైం ఉంది.

టీచింగ్ వైపు వెళ్లేవాళ్లకి లెక్క వేరు, అసిస్టెంట్ ప్రొఫెసర్ కి యూజీసీ స్కేల్ లో ఎంట్రీ పే 57,700, అక్కడ పేపర్లతో పాటు మీరు సొంతంగా తెచ్చుకున్న ఫెలోషిప్ కి కూడా విలువ ఉంటుంది. ఇండస్ట్రీకి వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం మెంటార్ ని, అంటే ఎవరి ల్యాబ్ లో ఫెలోషిప్ చేస్తారో ఆ సైంటిస్ట్ ని, ఇంకో రకంగా ఎంచుకోవాలి. మన పక్కనే పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్ కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు, అటు మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమర రాజా వాళ్ల బ్యాటరీ గిగా ఫ్యాక్టరీ, అంటే ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసే యంత్రం), బ్యాటరీ సెల్ తయారీ తెలిసినవాళ్లకి తెలుగు నేల మీదే పని ఉండబోతోంది. కానీ వాళ్లు అడిగేది మీ పేపర్లు వచ్చిన జర్నల్స్ రేటింగ్, అంటే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కాదు. ఎలక్ట్రోడ్ మీద చదరపు సెంటీమీటర్ కి ఎన్ని మిల్లీగ్రాముల మెటీరియల్ వేశారు, ఎన్ని ఛార్జ్-డిశ్చార్జ్ సైకిల్స్ నిలబడింది, పౌచ్ సెల్ (చదునైన సంచి లాంటి బ్యాటరీ) చేశారా అని అడుగుతారు. ల్యాబ్ లో 1 మిల్లీగ్రాము పూసి అద్భుతమైన కెపాసిటీ చూపించడం వేరు, ఫ్యాక్టరీ ఎలక్ట్రోడ్ లో 10 దాటి వేసి అదే నంబర్ తీసుకురావడం వేరు.

ఇప్పుడు మెంటార్ సంగతి. అప్లికేషన్ లో ముప్పాతిక వంతు బలం ఇక్కడే ఉందని నా నమ్మకం. మెంటార్ ఇండియాలో రెగ్యులర్ పోస్టులో ఉండాలి, పీహెచ్‌డీ ఉండాలి, ఒకేసారి ఇద్దరు ఎన్-పీడీఎఫ్ ఫెలోలకి మించి తీసుకోకూడదు కాబట్టి "సార్, మీ దగ్గర ఇప్పుడు స్లాట్ ఖాళీ ఉందా" అని మొదటి మెయిల్ లోనే అడిగెయ్యండి, తప్పేం లేదు. పీహెచ్‌డీ చేసిన గైడ్ దగ్గరే మళ్లీ చెయ్యాలనే ఆలోచన పెట్టుకోవద్దు, కొత్త చోటికి వెళ్తేనే కొత్త విద్య వస్తుంది. ఎలక్ట్రోకెమిస్ట్రీ కే పుట్టిన ల్యాబ్ కావాలంటే తమిళనాడు కారైకుడిలో సెక్రి, అంటే సెంట్రల్ ఎలక్ట్రోకెమికల్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, 1948 లో మొదలైంది, అళగప్ప చెట్టియార్ 300 ఎకరాలు ఇచ్చి 15 లక్షలు కూడా ఇస్తే ఏర్పడిన సంస్థ అది. నానో వైపు కూడా కేంద్ర ప్రభుత్వ రిసెర్చ్ సంస్థలున్నాయి, మొహాలీలో ఐఎన్ఎస్‌టీ, దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ లో ఏఆర్‌సీఐ, ఐఐసీటీ.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు పరికరాలు కళ్లారా చూసుకోండి లేదా అక్కడి స్కాలర్ ని అడగండి. ఎస్ఈఆర్‌బీ రోజుల నుంచీ ఈ ఫెలోషిప్ తో వచ్చే రిసెర్చ్ గ్రాంట్ ఏడాదికి 2 లక్షలు, అందులో కెమికల్స్, గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్లు, నాఫియాన్ (కేటలిస్ట్ ని ఎలక్ట్రోడ్ కి అంటించే పాలిమర్), క్యారక్టరైజేషన్ ఛార్జీలు వెళ్లిపోతాయి, ఇంపీడెన్స్ కూడా కొలిచే మంచి పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్ మీద వోల్టేజ్ పెట్టి కరెంటు కొలిచే పరికరం) కొనడానికి అది చాలదు. లిథియం మీద పనైతే గ్లవ్ బాక్స్ (బయటి గాలి తగలకుండా చేతులు పెట్టి పనిచేసే మూసిన పెట్టె) ఉందా, అందులో తేమ, ఆక్సిజన్ 1 పీపీఎం లోపు నిజంగా నిలుస్తున్నాయా అన్నది అడగాలి. వైజాగ్ గాలి మనకి తెలిసిందే కదా, వానాకాలంలో బీచ్ రోడ్ మీద నడిస్తే చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, అలాంటి గాలిలో లిథియం ఫాయిల్ బయటికి తీస్తే మెరుపు పోయి చూస్తుండగానే నల్లబడిపోతుంది. అదే కాయిన్ సెల్, అంటే బొత్తాం లాంటి చిన్న బ్యాటరీ లో పెడితే ఆ రిజల్ట్ ఎందుకూ పనికిరాదు.

ప్రపోజల్ రాసేటప్పుడు టైటిల్ చిన్నగా, ఆబ్జెక్టివ్స్ మూడు దాటకుండా పెట్టండి, ఇది రెండేళ్ల పని. "నావల్ నానో కాంపోజిట్ ఫర్ ఎనర్జీ అప్లికేషన్స్" లాంటి టైటిల్స్ రివ్యూ చేసేవాళ్లు రోజూ చూస్తారు, పేరు చూసి ఏం చేస్తారో అర్థం కావాలి. ఒక ఉదాహరణ చెప్తా. సముద్రపు నీటి నుంచి హైడ్రోజన్ అనుకోండి, మన ఊరికి సరిగ్గా సరిపోయే సమస్య, అందులో క్లోరైడ్ ఉంటుంది కాబట్టి ఆనోడ్ దగ్గర ఆక్సిజన్ కి పోటీగా క్లోరిన్ వస్తుంది, కేటలిస్ట్ ని, అంటే రియాక్షన్ ని వేగం చేసే మెటీరియల్ ని కూడా క్లోరైడ్ తినేస్తుంది. మీ నానోమెటీరియల్ ఆ రెండిట్లో దేన్ని ఎలా ఆపుతుంది అన్నది ఒకే పేరాలో చెప్పగలిగితే చదివేవాళ్లకి నమ్మకం కుదురుతుంది. అలాగే యాసిడ్ లో హైడ్రోజన్ ఎవల్యూషన్ కొలుస్తూ కౌంటర్ ఎలక్ట్రోడ్ గా, అంటే సర్క్యూట్ పూర్తి చెయ్యడానికి పెట్టే రెండో ఎలక్ట్రోడ్ గా ప్లాటినం వైర్ పెడితే, ఆ ప్లాటినం కొంచెం కొంచెంగా కరిగి మీ కేటలిస్ట్ మీదకే చేరుతుంది, ప్లాటినమే మంచి కేటలిస్ట్ కాబట్టి గ్రాఫ్ రోజురోజుకీ బాగుపడుతుంటే మన మెటీరియల్ గొప్ప అనుకుంటాం. మెథడ్స్ లో "కౌంటర్ గా గ్రాఫైట్ రాడ్ వాడతాం" అని ఒక్క వాక్యం రాయండి, ఈ పని తెలిసిన రివ్యూయర్ ఎవరైనా అది గమనిస్తారు. పొటెన్షియల్స్ అన్నీ ఆర్‌హెచ్ఈ కి (హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ ని సున్నాగా తీసుకునే స్కేల్ కి) మార్చి రాయడం, ఐఆర్ కరెక్షన్, అంటే ద్రావణం నిరోధకత వల్ల పోయే వోల్టేజ్ సవరణ ఎంత చేశారో చెప్పడం కూడా మర్చిపోవద్దు.

పోర్టల్ పని నిజానికి తేలిక. రిజిస్టర్ అవ్వాలి, ప్రొఫైల్ మొత్తం నింపాలి, పేరు మాత్రం పదో తరగతి సర్టిఫికెట్ లో ఎలా ఉందో అలాగే కొట్టండి, మనకి ఇంటిపేరు ముందూ వెనకా మారిపోవడం పెద్ద తలనొప్పి. మెంటార్ కి కూడా ఆ పోర్టల్ లో ప్రొఫైల్ ఉందో లేదో ముందే కనుక్కోండి. టైటిల్, సారాంశం, ఆబ్జెక్టివ్స్ స్క్రీన్ మీద నింపాక ప్రపోజల్ ని వాళ్లిచ్చిన ఫార్మాట్ లోనే పీడీఎఫ్ చేసి ఎక్కించాలి, దాంతో పాటు బయోడేటా, పుట్టిన తేదీ ప్రూఫ్, పీహెచ్‌డీ డిగ్రీ లేదా ప్రొవిజనల్ లేదా థీసిస్ సబ్మిట్ చేసినట్టు లెటర్, సడలింపు అడిగితే కులం సర్టిఫికెట్, హోస్ట్ సంస్థ, అంటే మెంటార్ పనిచేసే సంస్థ మిమ్మల్ని తీసుకుంటామని సంతకం పెట్టి ఇచ్చే ఎండార్స్‌మెంట్. ఫార్మాట్లు కాల్ కి కాల్ కి మారతాయి, సీనియర్ దగ్గర ఉన్న పాత ఫైల్ వాడకుండా ఆ కాల్ లోదే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఎండార్స్‌మెంట్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఒక ఏడాది పోయింది దానివల్లే. ప్రపోజల్ బ్రహ్మాండంగా రాసుకున్నా, మెంటార్ ఒప్పుకున్నారు, అన్నీ అయ్యాక చివరి నాలుగు రోజుల్లో సంతకం కోసం లెటర్ పంపితే ఆ సంస్థ పెద్దాయన టూర్ లో ఉన్నారు, ఇన్‌ఛార్జ్ సంతకం పెట్టనన్నారు, ఆఫీసులో ఫైల్ ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్ కి వెళ్లేసరికి శుక్రవారం అయిపోయింది, సోమవారం పొద్దున్న స్కాన్ కాపీ వచ్చింది, కాల్ ఆదివారమే క్లోజ్. ద్వారకా బస్టాండ్ దగ్గర నెట్ సెంటర్ లో కూర్చుని ఆ లెటర్ తెరిచి చూసుకున్నా, సీల్ తో సహా అంతా కరెక్ట్ గా ఉంది. అందుకే చెప్తున్నా, మెంటార్ సరే అన్న రోజే లెటర్ డ్రాఫ్ట్ చేసి పంపండి, లెటర్ హెడ్, సంతకం, సీల్, తేదీ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి, ప్రపోజల్ తర్వాత రాసుకోవచ్చు.

సబ్మిట్ కొట్టాక అప్లికేషన్ నంబర్ వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి మెంటార్ కి కూడా పంపండి. రిజల్ట్ కి నెలలు పడుతుంది, ఆ టైం ఖాళీగా కూర్చోవద్దు. ప్రాజెక్టుల్లో రిసెర్చ్ అసోసియేట్ పోస్టులు పడుతుంటాయి, 2023 లో పెంచిన రేట్ల ప్రకారం నెలకి 58,000, 61,000, 67,000 మూడు మెట్లు, పైన హెచ్ఆర్ఏ. యూరప్ వైపు మేరీ క్యూరీ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ కి వెయ్యాలంటే, వెళ్లబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకి మించి ఉండకూడదన్న రూల్ ఒకటుంది, మన ఊళ్లోనే పీహెచ్‌డీ చేసినవాళ్లకి దాంతో ఇబ్బందే లేదు.

మొదటిసారి రాకపోతే కామెంట్స్ ఏమైనా ఇస్తే ప్రింట్ తీసుకుని మెంటార్ పక్కన కూర్చుని చదవండి, వయసు ఉంటే అదే మెంటార్ తో వచ్చే కాల్ కి మళ్లీ వెయ్యండి. నాకు వచ్చింది రెండోసారే. ఆ ఏడాది ఎండార్స్‌మెంట్ లెటర్ కాల్ రాకముందే డ్రాఫ్ట్ చేసి, నోటిఫికేషన్ పడిన రోజే సంతకానికి పంపేశా.