మూడో డివిజన్ నుంచి లిబర్తదోరెస్ దాకా: ఫుట్‌బాల్ మేనేజర్‌లో అర్జెంటీనా సేవ్

క్లబ్బు మేనేజర్‌గా జట్టును నడిపే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్. అందులో దక్షిణ అమెరికా సేవ్ (సేవ్ చేసుకుంటూ సీజన్ల తరబడి ఆడే ఆట) అనగానే చాలామంది బ్రెజిల్ తెరుస్తారు. అక్కడ జనవరిలో రాష్ట్ర టోర్నీలతో మొదలైతే డిసెంబరు దాకా ఊపిరి సలపదు. సేవ్ సగంలోనే మూలపడేది ఎక్కువగా ఆ మ్యాచ్‌ల సంఖ్య వల్లే. చిన్న క్లబ్బును కింది నుంచి లాక్కురావాలంటే అర్జెంటీనా మేలు. మూడో అంచె దాకా ఆడొచ్చు, కుర్రాళ్లకు కొదవ లేదు. కాకపోతే ఇక్కడ జాతకం తేల్చేది ట్యాక్టిక్ ఒక్కటే కాదు, పోటీల నిబంధనలు కూడా. ప్రోమేదియో (కింది డివిజన్‌కు ఎవరు దిగాలో తేల్చే సగటు పాయింట్లు), కోపా అర్జెంటీనా (దేశీయ నాకౌట్ కప్పు) అనే రెండు లెక్కలు ముందు బుర్రకెక్కాలి.

కింద చెప్పేవన్నీ గేమ్ 2024 ఎడిషన్‌ను బట్టి. 2025 ఎడిషన్ రద్దయింది. 2025 నవంబరులో వచ్చిన 26లో మెనూల రూపం మారింది గానీ పద్ధతి ఇదే.

పందెం ఇది: మూడో అంచెలోని క్లబ్బును తీసుకుని, మధ్యలో వేరే క్లబ్బుకు పోకుండా, దక్షిణ అమెరికా క్లబ్బుల అతిపెద్ద కప్పు కోపా లిబర్తదోరెస్ గెలవాలి. గేమ్ డేటాను మార్చే ఎడిటర్ ముట్టకూడదు. ఓడిన మ్యాచ్‌ను మళ్లీ లోడ్ చేయకూడదు. మేనేజర్ ప్రొఫైల్‌లో గత అనుభవం ‘సండే లీగ్ ఫుట్‌బాలర్’, కోచింగ్ బ్యాడ్జీ ఏమీ లేదు అని పెట్టాలి.

సేవ్ తెరిచేటప్పుడు

అడ్వాన్స్‌డ్ సెటప్‌లోకి వెళ్లి అర్జెంటీనాను అట్టడుగు డివిజన్ దాకా ప్లేయబుల్ చేయండి. బ్రెజిల్, ఉరుగ్వే, చిలీ, కొలంబియా, పెరూల పై డివిజన్లు వ్యూ ఓన్లీలో (చూడటానికి మాత్రమే) ఉన్నా చాలు. స్పెయిన్, ఇటలీ, పోర్చుగల్ పై డివిజన్లను మాత్రం ప్లేయబుల్‌లోనే ఉంచండి. మీ కుర్రాళ్లను కొనేది వాళ్లే. ఆ లీగులు పూర్తిగా నడవకపోతే కొనుగోళ్ల సందడి తగ్గుతుంది, మీ గల్లాపెట్టె ఖాళీగా ఉంటుంది.

డేటాబేస్ సైజ్ మీడియం పెట్టి, కస్టమ్‌లో దక్షిణ అమెరికాలో ఆడుతున్న ఆటగాళ్లందరినీ కలపండి. ఇది మరిచిపోతే క్లబ్బు లేని ఆటగాళ్ల జాబితా వెలవెలబోతుంది, పరాగ్వే, బొలీవియా వాళ్లు అసలు కనిపించరు. మూడో అంచెలో మీరు బతికేదే ఆ జాబితా మీద. లీగులు ఎక్కువైపోయి ల్యాప్‌టాప్ మూలుగుతుంటే తర్వాత తీసేయొచ్చు, కావాలంటే కొత్తవి కలుపుకోవచ్చు. ఆ మార్పు తర్వాతి సీజన్ నుంచే అమలవుతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది స్టార్ట్ డేట్ దగ్గర. అర్జెంటీనా సీజన్ క్యాలెండర్ సంవత్సరంతో నడుస్తుంది. ఇంగ్లండ్ తేదీ ఎంచుకుంటే సగం సీజన్ గడిచిపోయిన జట్టు చేతికొస్తుంది, దాన్ని మలచడానికి వ్యవధి ఉండదు. జాబితాలో అర్జెంటీనాకు వేరే తేదీ ఉంటుంది, అదే తీసుకోండి. ప్రిఫరెన్సెస్‌లో కరెన్సీని డాలర్లకు, జీతాలను నెలవారీకి మార్చండి. పెసోల్లో సున్నాలు లెక్కపెడుతూ కూర్చుంటే ఒక్క కాంట్రాక్టూ తెమలదు.

ఏ క్లబ్బు?

మూడో అంచెలో రెండు దారులున్నాయి. ప్రిమేరా బి మెట్రోపొలితానాలో బ్యూనస్ ఐరిస్, దాని చుట్టుపక్కల క్లబ్బులు ఆడతాయి. తోర్నెయో ఫెడరల్ ఆలో దేశంలోని మిగతా ప్రాంతాలవి. మొదటి దానిలో పోటీ చూడటానికి తేలిక, రెండో దానిలో గ్రూపులు, ఆపై నాకౌట్లు. ఏడాదంతా బాగా ఆడి చివర్లో ఒక్క చెడ్డ రోజుతో మొదటికి వచ్చే ప్రమాదం ఫెడరల్‌లో ఎక్కువ. తొలిసారి ఆడేవాళ్లకు మెట్రోపొలితానాయే మంచిది.

పేరు, జెర్సీ రంగు చూసి క్లబ్బు ఎంచుకోకండి. మూడు విషయాలు చూడండి: అప్పు ఎంత, యూత్ రిక్రూట్‌మెంట్ (కుర్రాళ్లను వెతికి తెచ్చే ఏర్పాటు) ఏ స్థాయిలో ఉంది, ఈ సీజన్ కోపా అర్జెంటీనాలో ఆ క్లబ్బు ఉందా. మూడోది ఎవరూ చూడరు. కింది డివిజన్లలోని క్లబ్బుల్లో కొన్నిటికే ఆ కప్పులో చోటు దక్కుతుంది.

ఆశ కలగాలంటే ఫ్లోరెన్సియో వరేలాలోని డిఫెన్సా ఇ హుస్తీసియాను తలుచుకోండి. 1935లో పుట్టిన ఆ క్లబ్బు పై డివిజన్ మొహం చూసింది 2014లో. ఖండంలో లిబర్తదోరెస్ తర్వాతి స్థాయి కప్పు సుదమెరికానా 2020లో దాని చేతికే వచ్చింది.

మొదటి వారం

స్క్వాడ్ పేజీలో కాంట్రాక్ట్ ముగింపు తేదీని బట్టి పేర్లను వరుసగా పెట్టండి. సగం జట్టుకు ఏడాది లోపే గడువు తీరుతుందని అప్పుడు తెలుస్తుంది. కావలసిన ఐదారుగురితో ఆ రోజే మాట్లాడండి. కొత్త కాంట్రాక్టులో ప్రమోషన్ వస్తే జీతం పెంపు, ఏటేటా జీతం పెంపు అనే షరతులు ఏజెంట్ నెమ్మదిగా దూరుస్తాడు. వాటిని తీసేయించి, బదులుగా నెల జీతం కాస్త ఎక్కువ ఇవ్వండి. పైకి వెళ్లిన మర్నాడే జీతాల బిల్లు అమాంతం పెరిగి చేతులు కట్టేసేది ఈ షరతులే. డివిజన్ దిగితే జీతం కోత అనే షరతు మాత్రం మీరే అడగండి.

లోన్ల కోసం, అంటే ఆటగాళ్లను తాత్కాలికంగా తెచ్చుకోవడానికి, పై డివిజన్ క్లబ్బుల రిజర్వ్ జట్లు వెతకండి. 19 నుంచి 22 ఏళ్ల వాళ్లను జీతంలో సున్నా శాతం భరిస్తామని అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. అయితే తుది 11 మందిలో నలుగురికి మించి లోన్ ఆటగాళ్లు వద్దు. సీజన్ ముగియగానే అందరూ ఇంటికి పోతారు, ప్రమోషన్ పండగ చేసుకున్న నెలలోనే జట్టు డొల్లగా మిగులుతుంది. విదేశీయుల కోటా, మ్యాచ్‌కు లోన్ పరిమితి ఒక్కో పోటీలో ఒక్కో రకం. సంతకం చేయించే ముందే పోటీ పేజీలో రూల్స్ తెరిచి చూడండి.

ఆట తీరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గేమ్ ప్రతి నైపుణ్యానికీ 20కి మార్కులిస్తుంది. ఈ అంచెలో ఫస్ట్ టచ్, పాసింగ్ 7, 8 దాటిన వాళ్లు అరుదు. వాళ్ల చేత వెనక నుంచి పొట్టి పాసులు ఆడిస్తే మన గోల్ ముందే బంతి పోగొట్టుకుంటారు. 4-4-2 పెట్టి, పాసింగ్ డైరెక్ట్ చేసి, యాక్సిలరేషన్, పేస్ ఉన్న ఇద్దరిని ముందు నిలపండి. జంపింగ్ రీచ్ 14 పైన ఉన్న సెంటర్ బ్యాక్ ఒకడు దొరికితే కార్నర్లన్నీ అతని తల మీదికే. చూడ్డానికి అందంగా ఉండదు, పాయింట్లు వస్తాయి.

ప్రోమేదియో లెక్క

రెండో అంచె ప్రిమేరా నాసియోనల్ ఇరుకు గుమ్మం. 2025లో 36 క్లబ్బులు, 18 చొప్పున రెండు గ్రూపులు, పైకి వెళ్లింది ఇద్దరే. రెండు గ్రూపుల విజేతలు ఫైనల్ ఆడతారు. ఓడినవాళ్లు ‘రెదుసీదో’ అనే నాకౌట్‌లో రెండో చోటు కోసం మళ్లీ పోరాడాలి. ఇక్కడ మూడు నాలుగు సీజన్లు పట్టినా కంగారు పడకండి.

అసలు చిక్కు పై డివిజన్‌లో. గత మూడు సీజన్ల పాయింట్లన్నీ కూడి, ఆడిన మ్యాచ్‌లతో భాగిస్తే వచ్చేది ప్రోమేదియో. 2025లో ఇద్దరు దిగాల్సి ఉండగా ఒకరిని ఆ ఏడాది పట్టికను బట్టి, ఇంకొకరిని ప్రోమేదియోను బట్టి దించారు. కొత్తగా వచ్చిన క్లబ్బుకు ఈ సీజన్ మ్యాచ్‌లే లెక్క.

పదిహేనేళ్లుగా పైనే ఉన్న క్లబ్బు ఒకటి 100 మ్యాచ్‌లలో 110 పాయింట్లు తెచ్చుకుందనుకోండి. ప్రోమేదియో 1.10. మీరు 10 మ్యాచ్‌లలో 8 పాయింట్లు తెచ్చారు, అంటే 0.80. తర్వాతి మ్యాచ్ ఇద్దరూ గెలిచారు. వాళ్లది 101 మ్యాచ్‌లకు 113, అంటే 1.119. మీది 11కు 11, అంటే సరిగ్గా 1.00. ఒకే గెలుపు వాళ్లను 0.019 కదిపింది, మిమ్మల్ని 0.20 ఎత్తింది. ఓటమి కూడా వాళ్లకన్నా మిమ్మల్నే ఎక్కువగా కిందికి లాగుతుంది. అందుకే కొత్త క్లబ్బు పెద్ద జట్లతో గెలవాలని ఎగబడటం కన్నా తన స్థాయి జట్లతో సొంత మైదానంలో మూడేసి పాయింట్లు పట్టాలి, పెద్దవాళ్ల దగ్గర డ్రాకు దిగాలి. బడ్జెట్ మొత్తం మొదటి సీజన్ జనవరిలోనే ఖర్చు పెట్టడం ఇక్కడ తెలివైన పనే. ఆ ఏడాది పాయింట్లు ఇంకో రెండేళ్లు మీకు కాపలా కాస్తాయి. తొలి ఏడాది బొటాబొటీగా గట్టెక్కినవాళ్లకు ఆ కొరత మూడో ఏడాది దాకా వెంటాడుతుంది.

ఆరు మ్యాచ్‌ల అడ్డదారి

కోపా అర్జెంటీనాలో ప్రధాన దశకు 64 జట్లు. ఒక్కటే మ్యాచ్, తటస్థ మైదానం, 90 నిమిషాలకు సమమైతే అదనపు సమయం లేకుండా నేరుగా పెనాల్టీలు. ఆరు గెలిస్తే కప్పు, దానితో పాటు తర్వాతి ఏడాది లిబర్తదోరెస్ గ్రూప్ దశలో చోటు. ఏ డివిజన్‌లో ఉన్నా సరే.

2022లో పరానా నగరపు పత్రొనాతో చేసిందదే. రివర్ ప్లేట్‌ను, బోకా జూనియర్స్‌ను పెనాల్టీల్లో దాటి, ఫైనల్లో తాయెరెస్‌ను 1-0తో ఓడించింది. విచిత్రమేమిటంటే అదే సీజన్‌లో ప్రోమేదియో ఆ క్లబ్బును రెండో డివిజన్‌కు దించేసింది. 2023లో లిబర్తదోరెస్ ఆడింది రెండో డివిజన్ క్లబ్బుగానే. ఆ ఏడాది గ్రూప్ దశలో సొంత మైదానంలో ఆడే ఒక్కో మ్యాచ్‌కు క్లబ్బుకు 10 లక్షల డాలర్లు, మూడు మ్యాచ్‌లకు 30 లక్షలు. రెండో డివిజన్ క్లబ్బు బతుకు మారిపోయే డబ్బు అది.

కాబట్టి ఈ కప్పుకు వేరే ట్యాక్టిక్ ఒకటి దాచుకోండి: 5-3-2, డిఫెన్సివ్ మెంటాలిటీ, టైమ్ వేస్టింగ్ ఎక్కువ. లక్ష్యం 0-0. పెనాల్టీ టేకింగ్, కంపోజర్ రెండూ బాగున్న ఐదుగురిని ముందే వరుసలో పెట్టండి. వాళ్లలో ఇద్దరు బెంచీ మీద ఉంటే 85వ నిమిషం దాటాక మైదానంలోకి దించాలి, అందుకోసం మార్పులు మిగుల్చుకోవాలి. మార్పులన్నీ ముందే వాడేసి, అలసిన సెంటర్ బ్యాక్ చేత అయిదో పెనాల్టీ కొట్టించడం మామూలుగా జరిగే తప్పు.

అమ్మకాలు

యూరప్ కొనుగోళ్ల కాలం జులై, ఆగస్టు. మీకది సీజన్ నడిమధ్య. మంచి ఆటగాడికి ఆఫర్ రాగానే ఒప్పేసుకోకుండా, సీజన్ చివరి దాకా లోన్ బ్యాక్ (అమ్మిన ఆటగాణ్నే తిరిగి లోన్‌పై తెచ్చుకోవడం) అడగండి. తర్వాతి అమ్మకంలో 30 నుంచి 40 శాతం వాటా పెట్టండి. కుదరకపోతే చేతికొచ్చే మొత్తం కొంత తగ్గించుకునైనా ఆ వాటా నిలుపుకోండి. వాళ్లు ఇంకో క్లబ్బుకు అమ్మినప్పుడు వచ్చే డబ్బే పెద్దది. 18 నిండని కుర్రాణ్ని అమ్మే ఒప్పందం ఇప్పుడే చేసుకోవచ్చు గానీ అతను దేశం దాటేది 18 నిండాకే. అప్పటిదాకా మీకే ఆడతాడు, అంతకన్నా మంచి బేరం లేదు.

అమ్మకం డబ్బులో బోర్డు మీకిచ్చే శాతం మొదట్లో తక్కువగా ఉంటుంది. ప్రమోషన్ వచ్చిన వారంలోనే, బోర్డు మంచి ఊపులో ఉన్నప్పుడు, ఆ శాతం పెంచమనండి. తర్వాతి కోరిక యూత్ రిక్రూట్‌మెంట్. స్టేడియం విస్తరణ చివర్లో చూసుకోవచ్చు. హెడ్ ఆఫ్ యూత్ డెవలప్‌మెంట్‌గా ‘ప్రొఫెషనల్’ లేదా ‘మోడల్ సిటిజన్’ వ్యక్తిత్వం ఉన్నవాణ్ని పెట్టండి, ఏటా వచ్చే కుర్రాళ్ల మీద ఆ స్వభావం పడుతుంది. జీతం నచ్చక అతను వెళ్లిపోతానంటే ఒక ఆటగాణ్ని వదులుకునైనా అతన్ని ఆపండి.