మాటల్లేని కామెడీకి రివ్యూ రాయాలంటే

మా పర్లాకిమిడిలో మేడ మీద తెర కట్టి నెలకో సినిమా వేస్తుంటాం. చూసేవాళ్లలో సగం మంది తెలుగు, సగం మంది ఒడియా. ఏ భాష సినిమా వేసినా ఇంకో సగం మొహం చిన్నబుచ్చుకునేది. అందుకని మాటల్లేనివి మొదలుపెట్టాం. సింగీతం శ్రీనివాసరావు గారి 'పుష్పక విమానం' (1987) వేసిన రాత్రి పక్కింటి పిన్ని "మాటల్లేకపోతే ఏటి సూడాల?" అని సణుగుతూనే వచ్చి, చివరిదాకా కదల్లేదు.

మర్నాడు రివ్యూ రాశాను. "అద్భుతమైన హావభావాలు" అని మూడుసార్లు పడింది. నాతో పనిచేసే ఒడియా మాస్టారు విని, "సరే, ఇంతకీ నువ్వు ఏది చూసి నవ్వావు?" అన్నారు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులు గారు పోట్లాడిన ఊరు మాది. సిగ్గేసింది.

అప్పట్నుంచి సినిమా రెండుసార్లు చూస్తున్నాను. మీరూ అలాగే చూడండి. రెండోసారి తెర పక్కన, జనం వైపు తిరిగి కూర్చోండి. ఎక్కడ నవ్వారో, ముందు పిల్లలు నవ్వారో పెద్దలు నవ్వారో రాసుకోండి. తర్వాత ఒక్క నవ్వు పట్టుకుని, అది ఎందుకొచ్చిందో వెనక్కి వెతకండి. పుష్పకంలో హీరో ఉండే గది పక్కనే సినిమా హాలు. ఆ గోలలోనే నిద్రపోవడం అలవాటు. పెద్ద హోటల్‌కి మారాక ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టదు. ఆ గోలని టేపులో రికార్డు చేసి తెచ్చుకుని, అది పెట్టుకుని పడుకుంటాడు. ఇంతే రాయండి. కమల్ హాసన్ బాగా చేశాడని చదివేవాళ్లే అనుకుంటారు.

తొందరపడి "మూకీ" అనేయకండి. పుష్పకంలో సంభాషణలు లేవుగానీ చప్పుళ్లన్నీ ఉన్నాయి. 'ది ఆర్టిస్ట్' (2011) అచ్చం పాత మూకీలాగే తీసింది, నలుపు తెలుపు, మధ్యమధ్య అక్షరాల కార్డులు. అందులో హీరోకి ఒక పీడకల వస్తుంది. గ్లాసు బల్ల మీద పెడితే టక్కుమంటుంది, అతని గొంతు మాత్రం పెగలదు. నా మట్టుకు సినిమా అంతా ఆ సీన్‌లోనే ఉంది.

ఇతరుల రివ్యూలు మీది రాశాకే చదవండి. పొగిడినవీ తిట్టినవీ రెండూ చదవండి, కానీ ఎవరి గొడవ దేని గురించో విడదీసుకోండి. ది ఆర్టిస్ట్‌కి 5 ఆస్కార్లొచ్చాయి. అయినా నటి కిమ్ నొవాక్‌కి కోపం, తను నటించిన 'వర్టిగో' సంగీతం అందులో వాడుకున్నారని. లివర్‌పూల్‌లో కొందరు మాటల్లేవని టికెట్ డబ్బులు వాపసు అడిగారు. ఒకటి సంగీతం గొడవ, ఒకటి టికెట్ గొడవ. రెండూ కలిపి "విమర్శలు వచ్చాయి" అని రాస్తే ఏమీ చెప్పనట్టే. అవార్డులకి ఒక్క లైను చాలు. మా మేడ మీద ఆ సినిమా రెండో సగంలో పిల్లలు మంచినీళ్లకని కిందికి దిగారు. నేను అదీ రాశాను.

చివరగా, సినిమా చూసినవాళ్లకే పైకి చదివి వినిపించండి. టేపు సంగతి చదువుతుంటే పిన్ని మధ్యలో ఆపేసింది.

"మా వీధిలో రైసుమిల్లు ఆగిన రాత్రి నాకూ నిద్దరట్టదు."