తోట కొన్నాక దారి మూసేశారా? ముందు ఇవి చూడండి

సమస్య: చంద్రగిరి వైపో పాకాల వైపో మామిడి తోట కొన్నారు, రిజిస్ట్రేషన్ అయింది, తీరా కాయ కోతకొచ్చే వేళకి ముందు చేని ఆసామి ట్రాక్టర్ పోయే దోవకి అడ్డంగా కంచె వేసి, "నీ దస్తావేజులో దారి రాసుందా, చూపించు" అంటాడు.

కారణం: చాలామంది ఇక్కడే బెదిరిపోతారు, బెదరొద్దు. ఇలాంటి హక్కు మనిషిది కాదు, భూమిది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 8వ సెక్షన్, అదే ఏటి ఈజ్‌మెంట్ల (పక్కవాళ్ల భూమిని దారిలాంటి అవసరానికి వాడుకునే హక్కుల) చట్టం 19వ సెక్షన్ చెప్పేది ఇదే: దస్తావేజులో మినహాయించకపోతే, అమ్మినాయనకున్న దారి హక్కు భూమితోపాటే మీకొస్తుంది. కాకపోతే ఆయనకి నిజంగా హక్కుందా, లేక ముందు చేనివాళ్లు మంచితనంకొద్దీ పోనిచ్చారా? ఉత్త అనుమతి అయితే మీదాకా రాదు.

పరిష్కారం: ముందు సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం), గ్రామ పటం చూడండి. అది ప్రభుత్వ రస్తా అయితే తహసీల్దారుకి అర్జీ పెట్టండి. పట్టా భూమిలోంచి పోతుంటే రెండు ప్రశ్నలు. రెండు చేలూ ఒకప్పుడు ఒకరివేనా, పంచుకున్నాకో అమ్ముకున్నాకో మీ తోటకి వేరే దారి లేకుండా పోయిందా? అయితే అవసరంకొద్దీ పుట్టిన హక్కు ఉంటుంది, చుట్టు తిరిగైనా దారుంటే మాత్రం ఈ మాట నిలవదు. లేదా 20 ఏళ్లుగా ఎవరి అనుమతీ లేకుండా, అందరూ చూస్తుండగా, ఆటంకం లేకుండా వాడారా? అలాగైతే ఆ వాడకం మీదే హక్కు పుడుతుంది, పాత యజమాని వాడిన ఏళ్లూ లెక్కలోకి వస్తాయి.

సాక్ష్యం కోసం మీ కాగితాలే కాదు, అవతలాయన పాత దస్తావేజు నకలు కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీయించండి, ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. అందులో చెక్కుబందీలో (హద్దుల వివరంలో) "దారి" అని కనబడిందంటే మీ కేసుకి అంతకన్నా బలం లేదు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, పెద్దమనుషుల పంచాయతీలో "దయచేసి దారి ఇప్పించండి" అని రాసి సంతకం పెట్టొద్దు. హక్కుగా వాడుతున్నది అనుమతిగా మారిపోతుంది.

కంచె తీయకపోతే సివిల్ కోర్టులో హక్కు ప్రకటనకి (హక్కు మీదని కోర్టు తేల్చడానికి), ఇంజంక్షన్‌కి (అడ్డు పెట్టొద్దనే ఉత్తర్వుకి) దావా వేయాలి. నాన్చొద్దు. 20 ఏళ్ల వాడకం మీద వేసే దావా అయితే, ఆ వాడకం ఆగిన రెండేళ్లలోపే వేయాలి.

తోటతోపాటు ఉమ్మడి బావిలో వాటా కూడా ఉంటే దాని సంగతి వేరు, అది దారిలా వాడుకునే హక్కు కాదు, యాజమాన్య హక్కు. దస్తావేజులో వదిలేసి ఉంటే అమ్మినవాళ్లతో సవరణ దస్తావేజు రాయించుకుని రిజిస్టర్ చేయించండి.