మట్టి క్వెవ్రిలో వైన్ ఎలా చేస్తారు? జార్జియా ఇంటి పద్ధతి

మన పల్లెల్లో ఒకప్పుడు ధాన్యాన్ని పాతర వేసేవారు. జార్జియాలో ద్రాక్షరసాన్ని పాతర వేస్తారు. ఆ దేశపు తూర్పు ప్రాంతమైన కఖేతిలో, సొంత ద్రాక్షతోట ఉన్న ఇళ్లలో ‘మరాని’ అనే గది ఉంటుంది. దాని నేలలో మూతి ఒక్కటే పైకి కనిపించేలా పూడ్చిన గుడ్డు ఆకారపు పెద్ద మట్టి పాత్రలను ‘క్వెవ్రి’ అంటారు. ద్రాక్ష పులిసేదీ, వైన్ తేరుకునేదీ వాటిలోనే.

రాజధాని టిబిలిసికి దక్షిణాన గదాచ్రిలి గోరా, షులావెరిస్ గోరా తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల మీద సుమారు 8 వేల ఏళ్ల నాటి ద్రాక్ష వైన్ ఆనవాళ్లు ఉన్నాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. క్వెవ్రి పద్ధతిని యునెస్కో 2013లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. టిబిలిసిలో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు చాలామంది ‘ర్త్వెలి’ అనే మాట వినే ఉంటారు. ద్రాక్ష కోతల పండుగ అది. ఆ రోజుల్లో ఒక ఇంట్లో పని ఎలా సాగుతుందో వరుసగా చెబుతాను. మన రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. ఆ సంగతి గుర్తుంచుకుని చదవండి.

మొదటి పని: క్వెవ్రిని కడగడం

కోతల ముందే మొదలయ్యే ఈ పనిలోనే సగం వైన్ ఉందని నా నమ్మకం. ఇక్కడ చూపించిన బద్ధకాన్ని తర్వాత ఏ విద్యతోనూ సరిదిద్దలేం. ఆవకాయ జాడీలో చుక్క తడి ఉంటే ఏమవుతుందో మనకు తెలుసు కదా, ఇదీ అంతే. మట్టి పాత్రకు సన్నని రంధ్రాలుంటాయి. కొత్తగా చేసినప్పుడే వేడి పాత్రకు లోపల తేనెమైనం పూస్తారు. మైనం ఆ రంధ్రాలను చాలావరకు పూడ్చి, కడగడాన్ని సులువు చేస్తుంది. అయినా పాత మడ్డి ఎక్కడో ఒక మూల అంటుకుని ఉంటుంది.

పొడవాటి కర్రకు చెర్రీ చెట్టు బెరడు పొరలు కట్టిన బ్రష్‌తో గోడలు రుద్దుతారు. సున్నం కలిపిన నీళ్లతో కడిగి, తోడి పోసి, మళ్లీ మంచినీళ్లు పోస్తారు. తోడిన నీళ్లు తేటగా, ఏ వాసనా లేకుండా వచ్చేదాకా ఇలా చేస్తూనే ఉండాలి. చివర్లో చిన్న గంధకం ముక్క వెలిగించి లోపల పొగ పడతారు.

పెద్ద క్వెవ్రిలోకి మనిషే దిగి కడగాల్సి వస్తుంది. మన ఊళ్లలో పాడుబడ్డ బావిలోకి దిగేముందు దీపం దించి చూస్తారు. ఇక్కడ కూడా అంత జాగ్రత్తా కావాలి. రసం పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువైనది కాబట్టి గోతుల్లో నిలిచిపోతుంది. గదిలో గాలి బాగా ఆడాలి, పైన మరో మనిషి తప్పనిసరిగా ఉండాలి.

రెండో పని: కోత

సెప్టెంబరు రెండో సగం నుంచి అక్టోబరు దాకా కోతలు సాగుతాయి. తెల్ల వైన్‌కు ఎక్కువగా వాడేది ర్కాత్సితెలి. ఆ పేరుకు ఎర్రకాడ అని అర్థం. ఎర్ర వైన్‌కు సపెరవి. ‘రంగు వేసేది’ అని అర్థమొచ్చే ఈ ద్రాక్షకు గుజ్జు కూడా ఎర్రగానే ఉంటుంది.

పండిందో లేదో నోటితోనే తెలుసుకోవచ్చు. గింజ గోధుమరంగుకు తిరిగి, కొరికితే పటుక్కున విరగాలి. చక్కెర కొలిచే చిన్న పరికరం ఉంటే 22 నుంచి 24 బ్రిక్స్ (నూరు గ్రాముల రసంలో అన్ని గ్రాముల చక్కెర) చూపించాలి. అప్పుడు వైన్‌లో ఆల్కహాల్ 12, 13 శాతం దాకా వస్తుంది. ఎండ ముదరకముందే కోసి, లోతు తక్కువ బుట్టల్లో వేయాలి. బూజు పట్టిన గుత్తులను తోటలోనే ఏరేయాలి. లీటరు వైన్‌కు కిలోన్నర దాకా ద్రాక్ష పడుతుందని లెక్కేసుకోండి.

మూడో పని: తొక్కడం

పెద్ద దుంగను తొలిచి చేసిన తొట్టి ‘సత్సనాఖెలి’. ద్రాక్షను అందులో పోసి, శుభ్రంగా కడుక్కున్న కాళ్లతో తొక్కుతారు. పాదం మెత్తనిది కాబట్టి గింజ నలగదు. గింజ నలిగితే వైన్‌లో చేదు దిగుతుంది. రసం తొట్టి రంధ్రం గుండా క్వెవ్రిలోకి పోతుంది. మిగిలిన తొక్కలు, గింజలు, బాగా పండిన కాడలను ‘చాచా’ అంటారు. కఖేతిలో దాన్నంతా రసంలోనే వేస్తారు. పశ్చిమాన ఇమెరెతిలో కొంత భాగమే వేస్తారు కాబట్టి అక్కడి వైన్ తేలిగ్గా ఉంటుంది. పచ్చి కాడలను మాత్రం ఎవరూ వేయకూడదు, వగరు ఎక్కుతుంది.

పాత్రను నిండా నింపొద్దు. ఐదో వంతు ఖాళీ వదలకపోతే పొంగి నేలపాలవుతుంది.

నాలుగో పని: పులియబెట్టడం

బయటి ఈస్ట్ ఏదీ కలపరు. ద్రాక్ష తొక్క మీద, మరానిలో ఉన్నదే చాలు. రెండు మూడు రోజుల్లో చిటపటమని చప్పుడు మొదలవుతుంది. తొక్కలు పైకి తేలి మందమైన దిండులా కడతాయి. ఇంట్లో అందరికీ టెన్షన్ పుట్టించే రోజులివి. ఆ దిండు ఆరితే గాలికి వెనిగర్ బ్యాక్టీరియా పెరుగుతుంది, శ్రమంతా పోతుంది. అందుకే పొడవాటి కర్రతో రోజుకు నాలుగైదుసార్లు, నిద్ర లేచి రాత్రిపూట కూడా, దాన్ని కిందకు నొక్కుతారు. తొక్కల్లోని రంగు, రుచి రసంలోకి దిగేది ఈ నొక్కుడు వల్లే. చుట్టూ ఉన్న మట్టి వేడిని లాగేసుకుంటుంది కాబట్టి రసం మరీ వేడెక్కదు.

రెండు మూడు వారాలకు చప్పుడు ఆగి, తొక్కలు మెల్లగా అడుగుకు దిగుతాయి. నాలుక మీద తీపి తగలకూడదు.

ఐదో పని: మూత వేసి ఎదురుచూడటం

అదే రకం వైన్‌తో పాత్రను మూతిదాకా నింపి, రాతి మూత పెట్టి, అంచు చుట్టూ తడి బంకమట్టి మెత్తుతారు. బంకమట్టి ఎండి బీటలు వారకుండా అప్పుడప్పుడు తడుపుతూ ఉండాలి. క్వెవ్రి అడుగు సన్నగా ఉండటంలో గొప్ప తెలివి ఉంది. గింజలు ముందుగా ఆ మొనలోకి జారతాయి, వాటిమీద మడ్డి, తొక్కలు పేరుకుంటాయి. చేదు గింజలకూ వైన్‌కూ మధ్య అలా ఒక పొర ఏర్పడుతుంది.

సపెరవిని పులిసిన కొద్ది రోజులకే తొక్కల నుంచి వేరు చేయడం మామూలు. ర్కాత్సితెలి మాత్రం చలికాలమంతా తొక్కలతోనే ఉండి, మార్చి, ఏప్రిల్‌లో మూత తీసేసరికి చిక్కటి టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. పైనున్న తేటను కదలకుండా తోడి, కడిగి సిద్ధంగా ఉంచిన చిన్న క్వెవ్రిలోకి మారుస్తారు. అడుగున మిగిలిన చాచాను బట్టీ పెడితే ఘాటైన సారా వస్తుంది, దాని పేరు కూడా చాచానే.

ఖాళీ అయిన క్వెవ్రిని కడగడం మర్నాటికి వాయిదా వేయకండి. మడ్డి గోడకు ఎండకముందే, ఆ సాయంత్రమే చెర్రీ బెరడు బ్రష్ పట్టుకోవాలి.