పాత కారుకి పికప్ లేదా, ఐడిల్‌లో వణుకుతోందా? పార్టులు మార్చే ముందు ఇది చూడండి

పికప్ పోయింది, ఆగినప్పుడు ఇంజిన్ వణుకుతోంది, చెక్ ఇంజిన్ లైటు ఆరి ఆరి మళ్లీ వెలుగుతోంది. ముందు ప్లగ్గులు మార్చారు, తర్వాత కాయిల్స్, ఆ తర్వాత ఎవరో చెప్పారని ఆక్సిజన్ సెన్సర్ కూడా మార్చారు. డబ్బు పోయింది, సమస్య మాత్రం అలాగే ఉంది. పాత కార్ల విషయంలో మళ్లీ మళ్లీ జరిగేది ఇదే. నాడి చూడకుండా మందు ఇస్తే రోగం ఎలా తగ్గుతుంది? కొలవనిదే ఏ పార్టూ మార్చకూడదు.

ఇక్కడ చెప్పేదంతా ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న, స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉన్న పెట్రోల్ కార్ల గురించి. డీజిల్‌కీ కార్బురేటర్ బండ్లకీ దారి వేరు.

ముందుగా కావలసినవి

లైవ్ డేటా చూపించే స్కానర్, మల్టీమీటర్, టార్చ్, ఒక నోట్‌బుక్. కోడ్ మాత్రమే చదివే చిన్న రీడర్ ఈ పనికి చాలదు. సమస్య ఎప్పుడు వస్తోందో ముందు రాసుకోండి: చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఎత్తు ఎక్కేటప్పుడా, ఏసీ వేస్తేనా, పెట్రోల్ పోయించిన వెంటనేనా. మెకానిక్‌కి చూపించినా సగం పని ఈ వివరాలతోనే అయిపోతుంది.

కోడ్‌లు చదవండి, చెరపకండి

బ్యాటరీ టెర్మినల్ పీకి "రీసెట్" చేయడం చాలామందికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. అలా చేస్తే కోడ్‌లతో పాటు, సమస్య వచ్చిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, చాలా కార్లలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) ఇన్నాళ్లూ నేర్చుకున్న ఫ్యూయల్ ట్రిమ్, అంటే పెట్రోల్ లెక్కకు అది చేసే సవరణ, కూడా చెరిగిపోతుంది. మీకు కావలసిన సాక్ష్యం అదే. అన్నీ రాసుకున్నాకే ముందుకెళ్లండి. ఇంకో మాట, పి0171 వచ్చిందంటే ఇంజిన్‌లో మిశ్రమం లీన్‌గా (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) ఉందని అర్థం, అంతే. ఆక్సిజన్ సెన్సర్ పాడైందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు. నిజం చెప్పిన సెన్సర్‌నే తీసి పారేస్తున్నారు.

పది నిమిషాల్లో అయిపోయేవి

ఇంజిన్ ఆపి కాసేపు వదిలేశాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 13.5 నుంచి 14.7. ఎయిర్ ఫిల్టర్ చూడండి, దాని నుంచి థ్రాటిల్ దాకా వెళ్లే రబ్బరు గొట్టాన్ని వంచి మడతల్లో పగుళ్లున్నాయేమో చూడండి. రాత్రంతా ఆగిన కారుకి పొద్దున్నే స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి, కూలంట్ ఉష్ణోగ్రత, లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత స్కానర్‌లో చూడండి. రెండూ దాదాపు ఒకటిగా ఉండాలి. బాగా తేడా ఉంటే వాటిలో ఒక సెన్సర్ తప్పు చెబుతోంది. నడిపాక కూలంట్ ఎంతకీ వేడెక్కకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూడండి, దానివల్ల కూడా పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

అసలు పని: ఫ్యూయల్ ట్రిమ్ చదవడం

అందరూ తొందరపడేది ఇక్కడే. లోపలికి వచ్చిన గాలిని బట్టి ఈసీయూ పెట్రోల్ లెక్క వేస్తుంది, ఆ లెక్క సరిపోయిందో లేదో ఆక్సిజన్ సెన్సర్ చెబుతుంది, తేడా ఉంటే ఈసీయూ శాతాల్లో సవరిస్తుంది. అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్ ట్రిమ్, అలవాటుగా మారిన సవరణ లాంగ్ టర్మ్ ట్రిమ్. రెండూ కలిపి చూడాలి, ఒక్కటే చూస్తే మోసపోతారు. ప్లస్ అంటే పెట్రోల్ చాలక కలుపుతోంది, మైనస్ అంటే ఎక్కువై తగ్గిస్తోంది. మొత్తం ప్లస్ లేదా మైనస్ 10 లోపుంటే నేను పట్టించుకోను. ప్లస్ 20 దాటితే ఎక్కడో గట్టి కారణం ఉంది.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాలి, స్కానర్‌లో క్లోజ్డ్ లూప్ (ఆక్సిజన్ సెన్సర్ మాట విని ఈసీయూ సవరిస్తున్న స్థితి) అని కనిపించాలి, ఏసీ ఆఫ్‌లో ఉండాలి. ఐడిల్‌లో రెండు మూడు నిమిషాలు వదిలి అంకెలు రాసుకోండి. తర్వాత 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం నిలకడగా పట్టి మళ్లీ రాయండి. మూడోది రోడ్డు మీద, లోడ్‌లో. ఇది ఒక్కరూ చేసే పని కాదు: ఒకరు నడపాలి, పక్కన ఇంకొకరు కూర్చుని చదవాలి, లేదంటే స్కానర్‌లో రికార్డ్ పెట్టి ఇంటికొచ్చి చూసుకోవాలి. నడుపుతూ స్క్రీన్ చూడటం మాత్రం వద్దు.

ఇక అర్థం చేసుకోవడం. ఐడిల్‌లో ప్లస్ 20 ఉండి 2500 దగ్గర ప్లస్ 3కి దిగిందనుకోండి, దాదాపు ఖాయంగా వాక్యూమ్ లీకే, అంటే ఎక్కడో పగులులోంచి లెక్కలో లేని గాలి లోపలికి వస్తోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి దొంగదారిన వచ్చే కాస్త గాలి కూడా అందులో పెద్ద వాటా అవుతుంది, వేగం పెరిగితే అదే లీకు లెక్కలోకే రాదు. అలా కాకుండా ఐడిల్ బాగుండి లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే పెట్రోల్ చాలడం లేదు, అంటే పంపు, ఫిల్టర్ అనుమానించండి. గాలిని కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ మురికి పట్టి తక్కువ చూపిస్తున్నా ఇలాగే ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే చాలా కార్లు ఓపెన్ లూప్‌లోకి వెళ్తాయి, అంటే సెన్సర్‌ని బట్టి సవరించడం ఆపేస్తాయి, అక్కడ ట్రిమ్ నమ్మకండి. మామూలు ఆక్సిజన్ సెన్సర్ ఉంటే అప్పుడు క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందున్న సెన్సర్ వోల్టేజ్ చూడండి: 0.8 పైన నిలవాలి, 0.2కి పడిపోతుంటే పెట్రోల్ అందడం లేదు. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉన్న కార్లకు ఈ వోల్టుల లెక్క పనికిరాదు.

తప్పుదారి పట్టించేవి మూడున్నాయి. ఒకటి మిస్‌ఫైర్: మండని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ బయటికొస్తుంది, సెన్సర్‌కి అది లీన్‌లా కనిపిస్తుంది. కాబట్టి మిస్‌ఫైర్ కోడ్ ఉంటే ముందు దాని సంగతి చూడండి. రెండు, సెన్సర్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకు ఉంటే బయటి గాలి కలిసి అదే అబద్ధం చెబుతుంది. మూడు, మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ లేకుండా మానిఫోల్డ్ ప్రెషర్‌తో లెక్క వేసే కార్లలో వాక్యూమ్ లీకు ట్రిమ్‌లో అంతగా కనిపించదు, ఐడిల్ వేగం పెరిగిపోవడంగా కనిపిస్తుంది.

లీకు వెతకడం

నడుస్తున్న ఇంజిన్ మీద కార్బ్ క్లీనర్ కొట్టి వేగం మారిందేమో చూడమని చాలామంది చెబుతారు. వేడి ఎగ్జాస్ట్ మీద మండే ద్రవం చల్లడమేంటి? అంటుకుంటుంది. పైగా స్ప్రే ఎగిరి ఫిల్టర్‌లోకి వెళ్తే లీకు లేకపోయినా ఉన్నట్టు అనిపిస్తుంది. స్మోక్ టెస్టే చేయించండి. ఇంజిన్ ఆపి, ఇన్‌టేక్‌లోకి 1 పీఎస్‌ఐ మించని ఒత్తిడితో పొగ పంపితే అది ఎక్కడినుంచి బయటికొస్తుందో కళ్లారా చూడొచ్చు. కంప్రెసర్ గాలి నేరుగా ఎక్కించకండి, సీళ్లు పోతాయి.

పొగ పెట్టేముందు చేత్తో చూడాల్సినవి కొన్నున్నాయి. థ్రాటిల్ వెనక కిందికి వంగి ఉండే పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది) పైకి బాగానే కనిపిస్తుంది, అడుగున వేలు పెట్టి నొక్కితే మెత్తగా, జిగురుగా తగిలి పగులు తెరుచుకుంటుంది. బ్రేక్ బూస్టర్ గొట్టం, ఇన్‌టేక్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ల ఓ-రింగులు, ఆయిల్ మూత కూడా చూడండి. అందరూ మర్చిపోయేది పర్జ్ వాల్వ్, ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలేది. ట్యాంకు వైపు నుంచి దానికి వచ్చే గొట్టం తీసి, కరెంట్ కనెక్టర్ కూడా విప్పి, ఐడిల్‌లో వాల్వ్ నోటికి వేలు అడ్డం పెట్టండి. వేలిని లాగుతోందంటే అది మూసుకోవడం లేదు. పెట్రోల్ పోయించిన వెంటనే స్టార్ట్ కాక ఏడిపించే కార్లలో ముందు దీన్నే చూడండి.

ట్రిమ్ బాగుండి వణుకు ఉంటే

మిస్‌ఫైర్ కోడ్ ఏ సిలిండర్‌దో చూసి, ఇంజిన్ ఆపి, ఆ కాయిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చండి. పి0301 (ఒకటో సిలిండర్ మిస్‌ఫైర్) కాస్తా పి0302 (రెండో సిలిండర్‌ది) అయితే కాయిలే దోషి. కోడ్ కదలకపోతే ప్లగ్‌ని కూడా అలాగే మార్చి చూడండి, అదీ కాకపోతే కంప్రెషన్ టెస్ట్. కొత్త కాయిల్స్ సెట్ కొనడం కన్నా ఇది ఎప్పుడూ మేలు.

లోపం పెట్రోల్ వైపే అని తేలితే ప్రెషర్ గేజ్ పెట్టించి మాన్యువల్‌లో ఉన్న అంకెతో పోల్చండి. లైన్‌లో ఒత్తిడితో ఉన్న పెట్రోల్ కాబట్టి అలవాటు లేనివాళ్లు గొట్టం విప్పకండి, ఈ ఒక్క పనీ మెకానిక్‌కి వదిలేయండి. పెట్రోల్ ఒత్తిడిని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌కి వాక్యూమ్ గొట్టం ఉన్న కారైతే ఇంజిన్ ఆపి, చల్లారాక ఆ చిన్న గొట్టం మాత్రం పీకి వాసన చూడండి. లోపల పెట్రోల్ తడి ఉంటే రెగ్యులేటర్ లోపలి పొర (డయాఫ్రం) చిరిగినట్టే.

రిపేరు అయ్యాక, ఇప్పుడు కోడ్‌లు చెరపండి. కొన్ని రోజులు ఊళ్లోనూ హైవే మీదా నడిపి, అదే మూడు చోట్ల ట్రిమ్ మళ్లీ చదివి పాత అంకెల పక్కనే రాయండి. లైటు ఆరి ఉన్నా ఐడిల్ ట్రిమ్ ఇంకా ప్లస్ 15 దగ్గరే ఉంటే లీకు మిగిలే ఉంది, మళ్లీ పొగ పెట్టించండి.