ఇన్సూరెన్స్ లేదని చలానా వచ్చిందా? కట్టే ముందు ఆ మూడు తేదీలు చూడండి

మొన్న పొద్దున్నే మా బావ ఫోన్ చేసి ఒకటే గోల. "కొత్త బండి రా, ఇన్సూరెన్స్ ఉంది, పీడీఎఫ్ నా ఫోన్లోనే ఉంది, అయినా ఇన్సూరెన్స్ లేదని రెండు వేలు కట్టమని మెసేజ్, ఇదేం దోపిడీ" అని. సరే ఆ పీడీఎఫ్ నాకు వాట్సాప్ చెయ్యి అన్నా. తెరిచి చూస్తే మొదటి పేజీలో బండి నంబర్ ఉండాల్సిన డబ్బాలో "న్యూ" అని ఉంది. రోగం అక్కడే దొరికింది, ఎలాగో కింద చెప్తా.

ఇంట్లోవాళ్లవి, ఆఫీసులో వాళ్లవి ఇలాంటివి చాలానే నా నెత్తిన పడ్డాయి కాబట్టి చెప్తున్నా, ప్రతిసారీ చూడాల్సింది మూడే తేదీలు. పాలసీ మీద రాసున్న తేదీ, గవర్నమెంటు కంప్యూటర్లో ఉన్న తేదీ, చలానా పడిన తేదీ. ఈ మూడింట్లో ఏది ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకుంటే ఏం చెయ్యాలో దానంతట అదే తెలిసిపోతుంది. అది చూడకుండా "పోతే పోనీలే రెండు వేలు" అని కట్టేస్తే కంప్యూటర్లో తప్పు అలాగే ఉంటుంది, వచ్చే నెల ఇంకో కెమెరా కింద నుంచి వెళ్తే ఇంకోటి వస్తుంది, పైగా చట్టంలో రెండోసారికి ఫైను 4,000.

అన్నిటికంటే ముందు: ఆ మెసేజ్ నిజమైనదేనా

మెసేజ్ వాట్సాప్‌లో వచ్చి, కింద "ఆర్టీఓ చలాన్" అనో "పరివాహన్" అనో పేరుతో ఏపీకే ఫైల్ ఉంటే అది దొంగది. ఆలోచించొద్దు, ముట్టుకోవద్దు. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్సెమ్మెస్‌లు, ఓటీపీలు వాళ్ల చేతికి పోతాయి, ఆ తర్వాత బ్యాంకు ఖాతా సంగతి చెప్పక్కర్లేదు. ఏ ఆర్టీఏ ఆఫీసూ చలానా చూడ్డానికి యాప్ ఫైల్ పంపదు. అసలు ఎస్సెమ్మెస్ వచ్చినా అందులో లింకు నొక్కకుండా మీరే పరివాహన్ ఈ-చలాన్ సైట్ తెరిచి బండి నంబర్ కొట్టి చూడండి. తెలంగాణ పోలీసులు వేసేవాటికి వాళ్ల ఈ-చలాన్ సైట్ వేరే ఉంది, అది కూడా చూడాలి, ఒకదాంట్లో లేదని సంబరపడొద్దు. రెండిట్లోనూ లేకపోతే ఆ మెసేజ్ చెత్తబుట్టకే. అప్పటికే నొక్కేసి డబ్బులు పోయుంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

సమస్య: పాలసీ చేతిలో ఉంది, అయినా ఇన్సూరెన్స్ లేదంటున్నారు

ఎక్కువమంది గింజుకునేది ఇక్కడే. గవర్నమెంటు వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి నంబర్ కొట్టి ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అని చూపించే లైన్ చూడండి. పాలసీలో ఉన్న తేదీ, అక్కడున్న తేదీ ఒకటే అయితే మీ సమస్య వేరే, కిందికి వెళ్లండి. వేరే ఉంటే, లేక అక్కడ ఖాళీగా ఉంటే, కారణం ఈ కింది వాటిలో ఒకటి అయ్యుంటుంది.

మా బావ కేసు: కొత్త బండి. షోరూంలో ఇన్సూరెన్స్ ముందు కట్టించుకుంటారు, రిజిస్ట్రేషన్ తర్వాత అవుతుంది. కాబట్టి పాలసీ తయారయ్యే టైంకి బండికి నంబరే ఉండదు, ఆ డబ్బాలో "న్యూ" అని కొట్టేస్తారు. నంబర్ వచ్చాక దాన్ని పాలసీలో ఎక్కించమని షోరూం వాడు చెప్పాలి, చెప్పడు, లేక మనం వినం, ఆ రోజు పూజ, నిమ్మకాయలు, ఫొటోల హడావుడిలో ఎవడు వింటాడు. మీ నంబర్ కొట్టి వెతికితే ఆ నంబర్ మీద పాలసీ ఏదీ దొరకదు. దీనికి మందు ఎండార్స్‌మెంట్, అంటే ఉన్న పాలసీలోనే వివరాలు సరిచేసి కంపెనీ ఇచ్చే కాగితం. ఇన్సూరెన్స్ కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి, ఆర్సీ కాపీ జతచేసి, "రిజిస్ట్రేషన్ నంబర్ అప్‌డేట్ చేసి ఎండార్స్‌మెంట్ పంపండి" అని అడగాలి. పాలసీ చెల్లుతుంది, అనుమానం వద్దు, ఛాసిస్ నంబర్ (బండి తయారైనప్పుడే దాని బాడీ మీద కొట్టే నంబర్) మీద అది మీ బండిదే, కాకపోతే కంప్యూటర్‌కి తెలియదు, అంతే.

రెండోది ఛాసిస్ నంబర్ తప్పు. ఇది కంటికి కనపడని దెయ్యం. ఆర్సీ ఒక పక్క, పాలసీ ఒక పక్క పెట్టుకుని 17 అక్షరాలూ ఒక్కొక్కటే వేలు పెట్టి చదవండి. ఒక చిట్కా చెప్తా, 17 అక్షరాల ఛాసిస్ నంబర్లలో ఇంగ్లీషు అక్షరాలు ఐ, ఓ, క్యూ వాడరు, ఒకటి సున్నాలతో కలిసిపోతాయని. అంటే మీ పాలసీలో గుండ్రంగా ఇంగ్లీషు "O" కనిపించిందంటే అక్కడ సున్నా ఉండాలి, ఏజెంటు టైప్ చేసేటప్పుడు పొరపాటు చేశాడు. నా పక్క సీటు ఆయన బండికి సరిగ్గా ఇదే జరిగింది, రెండేళ్లు రెన్యూవల్ చేసినా అదే తప్పు కాపీ అవుతూ వచ్చింది. ఇంజిన్ నంబర్ కూడా ఇలాగే సరిచూసుకోండి. దీనికీ ఎండార్స్‌మెంటే.

తెలంగాణ బండ్లకి ఇంకో తిరకాసు ఉంది. దేశమంతా వాహన్ అనే ఒకే డేటాబేస్‌లోకి వెళ్తుంటే తెలంగాణ రవాణా శాఖ చాలా ఏళ్లు సొంత సిస్టమ్‌లోనే నడిపింది, వాహన్ లెక్కల్లో కూడా తెలంగాణ కాకుండా అని రాసేవాళ్లు. కాబట్టి పాత టీఎస్ బండి వివరాలు అక్కడ సగం సగం కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఒరిజినల్ పాలసీ, ఆర్సీ మీ దగ్గర ఉంచుకోండి. ఇంకో మాట, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ వచ్చింది గానీ మీ పాత టీఎస్ నంబర్ టీజీగా మారిపోదు, నాకు తెలిసిన ఒకాయన రెన్యూవల్ ఫారంలో తనంతట తనే టీజీ అని కొట్టి నెల తిప్పలు పడ్డాడు.

ఇక నిన్నో మొన్నో రెన్యూవల్ చేసి ఇవాళ చూస్తే ఎక్కకపోతే అది తప్పు కాదు, కంపెనీ నుంచి డేటా వెళ్లడానికి కొంత టైం పడుతుంది. కొన్ని రోజులు ఆగండి. అప్పటికీ ఎక్కకపోతే కంపెనీని పట్టుకోవాలి, ఆర్టీఏ ఆఫీసుకి పరిగెత్తి లాభం లేదు, డేటా పంపాల్సింది కంపెనీ. వాళ్లు పలకకపోతే ఇన్సూరెన్స్ కంపెనీల మీద పెత్తనం చేసే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టొచ్చు, 155255కి ఫోన్ కూడా చెయ్యొచ్చు.

సమస్య: మూడేళ్లకి కట్టాను కదా, అప్పుడే అయిపోవడమేంటి

2018 సెప్టెంబర్ నుంచి కొత్త కారుకి 3 ఏళ్లు, కొత్త బైక్‌కి 5 ఏళ్లు థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చేది) ఒకేసారి కట్టాలి. సుప్రీంకోర్టు చెప్పాక వచ్చిన రూల్ ఇది. కానీ మన బండి రిపేర్లకి ఇచ్చే ఓన్ డ్యామేజ్ చాలామందికి ఒక్క ఏడాదికే ఉంటుంది. పాలసీ కాగితం మీద రెండు తేదీలు పక్కపక్కనే చిన్న అక్షరాల్లో ఉంటాయి, మనం పెద్దది ఒకటి చూసి మూసేస్తాం.

ఇందులో రెండు రకాలుగా బోల్తా పడతాం. ఓన్ డ్యామేజ్ అయిపోయి థర్డ్ పార్టీ ఉంటే చట్టం ప్రకారం మీకు ఇన్సూరెన్స్ ఉన్నట్టే, చట్టం అడిగేది థర్డ్ పార్టీనే, చలానా వేస్తే తప్పు, పాలసీ చూపించి కొట్టేయించుకోవచ్చు. (బండి గుద్దుకుంటే మాత్రం డెంటింగ్ పెయింటింగ్ మీ జేబులోంచే.) రెండోది అసలైన ప్రమాదం. మూడేళ్లూ ఓన్ డ్యామేజ్ మాత్రం ప్రతి ఏడాదీ రెన్యూవల్ చేస్తూ ఉంటాం, కానీ మూడేళ్లయ్యాక థర్డ్ పార్టీ అయిపోయిన సంగతి ఎవరికీ గుర్తుండదు. అప్పుడు వచ్చిన చలానా కరెక్టే.

సమస్య: డబ్బులు కట్టాను, కానీ కంపెనీ వాళ్లు పాలసీయే లేదంటున్నారు

చెక్కు ఇచ్చారా? అది బౌన్స్ అయిందేమో చూసుకోండి. ప్రీమియం చేతికి రాకుండా ఇన్సూరెన్స్ మొదలవ్వదని ఇన్సూరెన్స్ చట్టంలోనే ఉంది, బౌన్స్ అయితే పాలసీ క్యాన్సిల్ చేసి లెటర్ పంపుతారు, అది మీ పాత అడ్రస్‌కి పోయుంటుంది.

చెక్కు కాదు, రోడ్డు పక్కన టేబుల్ వేసుకున్నవాడి దగ్గర సగం రేటుకి చేయించారా? అయితే నా మాట విని ఆ కాగితం మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యండి, పాలసీ నంబర్ కంపెనీ సైట్లో కొట్టండి. థర్డ్ పార్టీ రేటు ఏ కంపెనీ అయినా ఒకటే, గవర్నమెంటు పెట్టిందే, 2022 జూన్ రేట్ల ప్రకారం 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకి 3,416, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే సుమారు 4,031. 75 నుంచి 150 సీసీ లోపు బైక్ అయితే 714. దీంట్లో సగానికి ఇస్తున్నాడంటే వాడు అమ్మేది ఇన్సూరెన్స్ కాదు, ప్రింటవుట్. అలా మోసపోతే పోలీస్ కంప్లైంట్ ఇవ్వండి, కానీ చలానా మాత్రం మీదే.

సమస్య: నిజంగానే అయిపోయింది, మర్చిపోయాను

జరుగుతుంది. ముందు బండి తియ్యడం ఆపండి. తాళం గోడకి తగిలించి, ఫోన్లోనే కొత్త పాలసీ తీసుకోండి, థర్డ్ పార్టీ ఒక్కటే అయితే మామూలుగా ఇన్‌స్పెక్షన్ అడగరు, పది నిమిషాల పని. ఫుల్ పాలసీ కావాలంటే గ్యాప్ వచ్చింది కాబట్టి బండి చుట్టూ తిరిగి వీడియో తీయమంటారు, గీతలు సొట్టలు అన్నీ అందులో పడతాయి, దాచి లాభం లేదు. గడువు దాటి 90 రోజుల్లోపు రెన్యూవల్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) నిలబడుతుంది, దాటితే 50 శాతం తెచ్చుకున్నవాడు కూడా మళ్లీ సున్నా నుంచి మొదలు. ఏజెంటు ఎవరైనా "పాత తేదీ వేసి ఇస్తా" అంటే దండం పెట్టి బయటకి వచ్చెయ్యండి.

కొత్త పాలసీ తీసుకుంటే పాత చలానా పోదు. ఇది చాలామంది ఒప్పుకోరు, వాదిస్తారు. చలానా పడిన రోజు, ఆ టైంకి పాలసీ ఉందా లేదా అన్నదే లెక్క. పొద్దున పది గంటలకి ఫొటో పడి, సాయంత్రం పాలసీ తీసుకుంటే పది గంటలకి మీరు ఇన్సూరెన్స్ లేకుండా ఉన్నట్టే. మోటారు వాహనాల చట్టం 146 సెక్షన్ థర్డ్ పార్టీ తప్పనిసరి అంటుంది, 196 సెక్షన్ మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000, మూడు నెలల దాకా జైలు కూడా రాసుంది. కట్టెయ్యండి. ఆ గ్యాప్‌లో ఎవరినైనా గుద్ది ఉంటే ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారం లక్షల్లో ఉంటుంది, అది ఇల్లు అమ్మినా మీరే కట్టాలి, దాంతో పోలిస్తే రెండు వేలు చిల్లర.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉండి ఊళ్లో కారు ఉంచుకున్నవాళ్లకి ఒక మాట. షెడ్డులో కదలకుండా ఉన్న బండికి చలానా రాదు. వచ్చిందంటే మీ బామ్మర్ది దాన్ని పెళ్లికి తీసుకెళ్లాడని అర్థం, ఫొటోలో పూలదండ కూడా కనపడొచ్చు.

సమస్య: బండి ఎప్పుడో అమ్మేశాను

ఆర్సీ ఇంకా మీ పేరు మీదే ఉంది, అంతకు మించి రహస్యం ఏం లేదు. స్టాంపు పేపర్ మీద సంతకాలు, డెలివరీ నోట్ ఇవన్నీ మీకూ కొన్నవాడికీ మధ్యనే. సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చిచెప్పింది, ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, ఎన్ని చేతులు మారినా సరే. కాబట్టి కొన్నవాడిని పట్టుకుని ఫారం 29, 30 పెట్టించి ట్రాన్స్‌ఫర్ చేయించండి. వాడు ఫోన్ ఎత్తకపోతే అమ్మిన కాగితాలతో ఆర్టీఏ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి.

సమస్య: ఆ రోజు నేను ఆ ఊళ్లోనే లేను

చలానాలో ఫొటో ఉంటే పెద్దది చేసి చూడండి. మీది తెల్ల స్విఫ్ట్ అయి ఫొటోలో నల్ల బండి ఉంటే ఎవడో మీ నంబర్ వాడుతున్నాడు, పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇచ్చి ఆ కాపీతో చలానా మీద గ్రీవెన్స్, అంటే ఫిర్యాదు, పెట్టాలి. ఊరికే వదిలేస్తే రేపు వాడు చేసే యాక్సిడెంట్ కూడా మీ ఇంటికే వస్తుంది. బండి మీదే, ఊరు మాత్రం గుర్తులేదంటే టోల్ గేట్ సంగతి ఆలోచించండి. ఒడిశాలో 2024 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్ల దగ్గరే బండి నంబర్ చదివి ఇన్సూరెన్స్ ఉందో లేదో చూసి ఈ-చలాన్ పంపిస్తున్నారు, శ్రీకాకుళం వైపు వాళ్లు ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లొచ్చాక మెసేజ్ వస్తే ఆశ్చర్యపోవద్దు. పోలీసాయన ఎవరూ ఆపక్కర్లేదు.

గ్రీవెన్స్ పెట్టేటప్పుడు

మా బావది ఇలాగే పెట్టాం. చలానా ఏ సైట్‌లో ఉందో ఆ సైట్‌లోనే పెట్టాలి. కథ రాయొద్దు, నాలుగు లైన్లు చాలు: చలానా నంబర్, చలానా పడిన తేదీ, ఆ తేదీకి పాలసీ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఉంది, ఛాసిస్ నంబర్ ఆర్సీలో పాలసీలో ఒకటే. కింద ఆర్సీ, పాలసీ, ఎండార్స్‌మెంట్ మూడూ జతచెయ్యండి, పాలసీ పేజీలో తేదీల చుట్టూ ఎర్ర గీత గీస్తే చూసేవాడికి సుఖం. పెట్టాక వచ్చిన టికెట్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. మొండికేస్తే కోర్టుకి వెళ్లే దారి ఉంది, కాగితాలు సరిగ్గా ఉంటే భయపడక్కర్లేదు.

బావకి ఎండార్స్‌మెంట్ మెయిల్లో వచ్చింది. ఈసారి ఆ డబ్బాలో బండి నంబర్ ఉంది. చలానా ఇంకా పరిశీలనలో ఉంది అని చూపిస్తోంది, ఆయన రోజుకి రెండుసార్లు సైట్ తెరిచి చూస్తున్నాడు.