పరిశోధన వార్తలు చదవడం – 5వ పాఠం: గీత కింద ఎవరున్నారు?

పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు మీ జవాబులు చదివాక, ఈసారి చెప్పాలనుకున్న పాఠాన్ని వచ్చే వారానికి జరిపాను. ముందు ఈ ముడి విప్పుకోవాలి.

లెక్క గుర్తుందిగా. కాన్పు తర్వాత విపరీతంగా రక్తం పోతున్న తల్లులకు ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తపు గడ్డలు కరిగిపోకుండా ఆపే మందు) ఇచ్చి చూసిన ‘ఉమన్’ ట్రయల్, 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 21 దేశాలు, 193 ఆసుపత్రులు, 20,060 మంది తల్లులు. కాన్పయిన మూడు గంటల్లోపు మందు పడినవాళ్ళలో రక్తస్రావంతో చనిపోయింది 1.2 శాతం. ఉత్తుత్తి మందు పడినవాళ్ళలో 1.7 శాతం. అంటే మరణాలు 31 శాతం తగ్గాయి. ఈ 31 ఎవరిలో 31 అని అడిగాను.

ఎక్కువమంది ‘నూటికి 31 మంది తల్లులు బతికారు’ అని రాశారు. కాదు. వెయ్యిమందిని తీసుకోండి. మందు లేకపోతే 17 మంది పోతారు, ఉంటే 12 మంది. తేడా ఐదుగురు. ఆ ఐదుగురిని వెయ్యితో పోల్చడం లేదు, 17తో పోలుస్తున్నాం. (17లో 5 అంటే 29 శాతమే కదా అని కొందరు పట్టుకున్నారు. 1.2, 1.7 అనేవి కుదించి రాసిన అంకెలు కాబట్టి వచ్చిన తేడా అది. అంత జాగ్రత్తగా చూసినందుకు చాలా సంతోషం.) వెయ్యిలో ఐదుగురంటే చిన్న సంగతి అని నేననను. రెండు వందల మందికి ఇస్తే, లేకపోతే పోయే తల్లి ఒకరు బతికి ఇంటికి వెళుతుంది.

బడిలో భిన్నాలు నేర్చుకున్నప్పుడు గీత పైన లవం, గీత కింద హారం అన్నారు. వార్త ఎప్పుడూ లవాన్నే పెద్ద అక్షరాల్లో వేస్తుంది. ఈ పాఠమంతా హారం గురించే.

రెండో తడబాటు దీనికి చుట్టమే. ‘ఇంత మంచి మందైతే కాన్పయిన ప్రతి తల్లికీ ముందే ఇవ్వొచ్చుగా’ అని రాశారు. ఆ 1.2, 1.7 శాతాల హారంలో ఉన్నది అప్పటికే రక్తస్రావం మొదలైన తల్లులు. హారం మారిస్తే జవాబు మారవచ్చు. మార్చి చూశారు కూడా. పాకిస్తాన్, నైజీరియా, టాంజానియా, జాంబియాల్లో రక్తహీనత ఉన్న 15,068 మందికి, రక్తస్రావం కోసం ఎదురుచూడకుండా, బొడ్డుతాడు బిగించిన వెంటనే ఇచ్చారు. 2023లో వచ్చిన ‘ఉమన్-2’ ఇది. విపరీతంగా రక్తం పోయింది, మందు పడినవాళ్ళలో 7.0 శాతం మందికి, పడనివాళ్ళలో 6.6 శాతం మందికి. నివారణగా పనిచేయలేదు. మందు అదే, మొదటి మోతాదూ అదే. గీత కింది మనుషులు మారారు.

శాతాన్ని వెయ్యికి ఇంతమంది అని మార్చుకోవడం నా అలవాటు. పది శాతం లోపు అంకెలకు మనసు మొద్దుబారిపోతుంది, మనుషుల్ని లెక్కపెడితే అలా జరగదు. అలాగే వ్యాసం చివర ‘ముగింపు’ అని ఉన్నదాన్ని నేను ముందు చదవను. ఎంతమందిని చేర్చుకున్నారో చెప్పే బొమ్మ దగ్గరికే పోతాను.

ఇక అసలు గొయ్యి. దీని దగ్గర ఎంతసేపైనా ఆగుతాను.

‘మా దగ్గర చికిత్స పూర్తిచేసిన వారిలో 90 శాతం తాగుడు మానేశారు.’ ఈ వాక్యంలో మొదట మీ కన్ను 90 మీద పడుతుంది. పడాల్సింది ‘పూర్తిచేసిన’ మీద. అంకెలు నావే, ఊరికే అనుకుందాం. వందమంది చేరారు. అరవై మంది మధ్యలో వెళ్ళిపోయారు. మిగిలిన నలభైలో 36 మంది మానేశారు. 36ను 40తో భాగిస్తే 90 శాతం, వందతో భాగిస్తే 36. రెండింటిలోనూ అబద్ధం లేదు. కానీ గేటు దగ్గర నిలబడ్డ మనిషికి కావలసింది రెండోది.

మా పెద్దమ్మ కొడుకుని ఒక డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్చిన రోజు నేను పక్కనే ఉన్నాను. ఇలాంటి అంకే చెప్పారు. పెద్దమ్మ కళ్ళు మెరిశాయి. ఎవరిలో అని నేను అడగలేదు. పదకొండో రోజు అన్నయ్య గోడ దూకి వచ్చేశాడు. ఆ కేంద్రం లెక్కలో అన్నయ్య ఎక్కడా లేడు. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో మీకు అర్థం కావాలని చెబుతున్నాను.

ఇప్పుడు నిజం పరిశోధన. 2018లో లాన్సెట్‌లో వచ్చింది, అమెరికాలో జరిగింది. హెరాయిన్ లాంటి మత్తుమందులకు బానిసలైన 570 మందిని చీటీలు వేసినట్టు రెండుగా విడదీశారు. 283 మందికి మత్తు ఎక్కకుండా అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్, నెలకోసారి. 287 మందికి మత్తుమందు కోసం తహతహను తగ్గించే బుప్రెనార్ఫిన్-నాలోక్సోన్, నాలుక కింద పెట్టుకునేది. 24 వారాలు చూశారు.

మందు మొదలుపెట్టగలిగినవాళ్ళను మాత్రమే లెక్కేస్తే, మళ్ళీ అలవాటులో పడ్డవాళ్ళు ఇంజెక్షన్ వైపు 52 శాతం, రెండో వైపు 56. దాదాపు సమానం. ఇక్కడితో ఆగితే ‘రెండూ ఒకటే, నెలకోసారైతే హాయి’ అనిపిస్తుంది.

కానీ నాల్‌ట్రెక్సోన్ వేయాలంటే ముందు ఒంట్లోని మత్తుమందు పూర్తిగా పోవాలి. ఆ కొన్ని రోజుల ఒళ్ళునొప్పులు, వాంతులు, నిద్రలేమి భరించాలి. బుప్రెనార్ఫిన్‌ను ఆ బాధ మొదలవగానే ఇవ్వొచ్చు. అందుకే ఇంజెక్షన్ దాకా చేరింది 283లో 204 మందే. అటువైపు 287లో 270 మంది. చేరలేకపోయిన 79 మందిలో 70 మంది త్వరగానే మళ్ళీ మొదలుపెట్టారు. చీటీలో వచ్చిన అందరినీ హారంలో ఉంచితే ఇంజెక్షన్ వైపు 65 శాతం, బుప్రెనార్ఫిన్ వైపు 57. ఫలితం తిరగబడింది.

ఎవరికి ఏ మందు రాసిపెట్టారో, వాళ్ళు దాన్ని వాడినా వాడకపోయినా, వాళ్ళను ఆ ఖాతాలోనే లెక్కపెట్టడం పరిశోధనలో పాత నియమం. పరిశోధకులు రెండు లెక్కలూ దాచకుండా వేశారు. ఇంజెక్షన్ పనికిరాదని కాదు. మొదలుపెట్టగలిగితే పనిచేస్తుంది, మొదలుపెట్టడమే కష్టం. ఆ ఒక్క వాక్యం ఇంటివాళ్ళకు తెలిస్తే, ఆ కొన్ని రోజులు రోగి పక్కన ఎవరుండాలో ముందే చూసుకుంటారు.

ఇదే హారాన్ని ఆసుపత్రులు దాటి సాలెగూడులో కూడా చూద్దాం, చిన్నగా. ‘సాలీడు దారం ఉక్కు కంటే ఐదు రెట్లు బలం’ అని ఎన్నోసార్లు చదివి ఉంటారు. ఐరోపా తోటల్లో ఉండే అరేనియస్ డయాడెమాటస్ అనే సాలీడు వేలాడే దారాన్ని కొలిస్తే బలం 1.1 గిగాపాస్కల్ (ఒకే మందానికి ఎంత లాగుడు తట్టుకుంటుందో చెప్పే కొలత). మంచి ఉక్కుది 1.5. ఒకే మందం ఉంటే ఉక్కే గెలిచింది! బరువుతో భాగించండి. దారం సాంద్రత, అంటే ఒక ఘన సెంటీమీటరు బరువు, 1.3 గ్రాములు, ఉక్కుది 7.8. ఇప్పుడు దారం నాలుగున్నర రెట్లకు దగ్గర. తెగేలోపు ఎంత శక్తిని తనలోకి తీసుకుంటుందని అడిగితే, ఘనమీటరుకు దారం 160 మెగాజౌళ్ళు, ఉక్కు 6. ఎగిరొచ్చి కొట్టుకునే ఈగను ఆపాలంటే బలం ఒక్కటే చాలదు, సాగాలి. ఆ దారం తెగేముందు తన పొడవులో నాలుగో వంతు పైగా సాగుతుంది.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, రెండు మూడు రోజులు తీసుకోండి.

2023లో వచ్చిన ‘ఇ-మోటివ్’ పరిశోధన: కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో సాధారణ కాన్పయిన రెండు లక్షల పైచిలుకు తల్లులు. కొన్ని ఆసుపత్రుల్లో గీతలున్న ప్లాస్టిక్ సంచితో రక్తం కొలిచి, మితిమీరితే గర్భసంచికి మసాజ్, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. మిగతావి ఎప్పటిలాగే చేశాయి. లీటరు పైగా రక్తం పోవడం, పొట్ట కోసి ఆపరేషన్ చేయాల్సిరావడం, రక్తస్రావంతో మరణం, ఈ మూడింటిలో ఏదైనా జరిగింది కొత్త పద్ధతిలో 1.6 శాతం, పాత పద్ధతిలో 4.3.

ఒకటి, వెయ్యికి మార్చి, ఎంతమందిలో ఒకరికి ఆపద తప్పిందో రాయండి. రెండు, ‘తల్లుల మరణాలు 60 శాతం తగ్గాయి’ అని ఎవరైనా రాస్తే అందులో తప్పేమిటో చెప్పండి. మూడు, పాత పద్ధతి ఆసుపత్రుల సిబ్బంది రక్తస్రావాన్ని 51.1 శాతం సందర్భాల్లోనే గుర్తించారు. మరి అక్కడ 4.3 శాతం అని పరిశోధకులకు ఎలా తెలిసి ఉంటుంది? వాళ్ళు ఏం కొలిచి ఉండాలి? ఈ మూడోదానికి కనీసం అర పేజీ రాయండి. ఒక్క మాటలో రాసిన జవాబులు దిద్దను.